వాన ఒకవైపే కురిసిన ఏడాది

మా ఇంట్లో నన్ను ఏడిపించడానికి అందరికీ దొరికే విషయం ఒకటుంది. నేను పాటలు నెలల లెక్కన వింటాను. ఎండాకాలం రాత్రుళ్ళు డాబా మీద మడతమంచం వేసుకుని వేణువు, లేకపోతే పాత సినిమా పాటలు, అంతే. తబలా కాస్త గట్టిగా మోగినా నాకు చెమట పట్టేస్తుంది. తొలకరి పడగానే హిందుస్తానీ. మల్హార్ రాగాలు వానాకాలానివని వాళ్ళకో లెక్కుంది, మనకేమో అమృతవర్షిణి ఉంది, అది పాడితే వాన పడుతుందంటారు గానీ నేనైతే వాన పడ్డాకే పెడతాను. కార్తీకంలో తత్త్వాలు. ధనుర్మాసంలో తిరుప్పావై, రోజుకొకటి చొప్పున ముప్ఫై పాశురాలు, మర్నాటిది ముందే వినే ప్రసక్తి లేదు. మామిడిపండు లాంటిదే ఇదీ, కాలం కాని కాలంలో తింటే రుచుండదు. మనసు బాగాలేనప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ ఎగిరిపోయి ఒకే పాట నలభైసార్లు వింటాను. మా నాన్న చనిపోయిన ఏడాది నేను ఏమీ వినలేదు. ఆయన ట్రాన్సిస్టర్‌లో పొద్దున్నే భక్తిరంజని పెట్టుకునేవారు, ఆ కార్యక్రమం ఎవరింట్లోంచైనా వినబడితే గబగబా ఆ వీధి దాటేసేదాన్ని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2022 జులైలో నా ఎడమ చెవి ఒక్క పూటలో పోయింది.

మాది రాజమండ్రి. హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఆ ఏడాది బళ్ళు జులై 5న తెరిచారు, తెరిచిన వారానికి, మంగళవారం పొద్దున్న లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది. జలుబేమో అనుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే అలవాటుగా ఎడమ చెవికి పెట్టుకున్నాను, ఏమీ వినబడలేదు, సిగ్నల్ లేదనుకుని పెట్టేశాను. రెండోసారీ అంతే. మూడోసారి కుడి చెవికి పెట్టుకుంటే అమ్మ తిడుతోంది, "ఏవిటే, ఎత్తుతావు, మాట్లాడవు" అని. క్లాసులో ఇంకా విచిత్రం. పిల్లలు ప్రశ్న అడిగితే ఎవరడిగారో తెలియడంలేదు. అందరి గొంతులూ కుడివైపు కిటికీలోంచి వస్తున్నట్టున్నాయి. నేను అటు తిరిగి జవాబు చెప్తుంటే పిల్లలు నవ్వారు.

సాయంత్రం మా వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాను. పేరు చెప్పను, ఆయన పెద్దవారు, మా అబ్బాయికి చిన్నప్పుడు జ్వరాలన్నీ ఆయనే తగ్గించారు. టార్చి వేసి చూసి గుబిలి అన్నారు. "మేడం, టీచర్లు ఊరికే కంగారు పడతారు. చుక్కలు వేసుకోండి, ఐదు రోజుల్లో దానంతటదే వస్తుంది. ఆ ఇయర్‌ఫోన్లు కొంచెం తగ్గించండి" అని నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ నవ్వు తలుచుకుంటేనే.

మర్నాడు మా బావగారు వచ్చారు. వరద కబుర్లన్నీ అయ్యాక మా ఆయన నా చెవి సంగతి చెప్పారు. బావగారు మజ్జిగ తాగుతూ, "దానికంత దిగులెందుకమ్మా, ఇంకో చెవి బాగానే ఉందిగా" అన్నారు. ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు, నాకు తెలుసు. అయినా ఆ మాట నాలో దిగిపోయింది. మూడేళ్ళు దాటింది, ఇప్పటికీ ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తితే నాకు అదే వినబడుతుంది, అదీ రెండు చెవుల్లోనూ.

ఇక గురువారం రాత్రి. దాని గురించి రాయాలనే ఇంతకాలం ఆగాను.

అప్పుడు గోదావరికి పెద్ద వరద. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది ఆ వారంలోనే, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక. టీవీలో అదే, వీధిలో అదే మాట. రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫ్యాను ఆగితే ఇంట్లో ఒక నిశ్శబ్దం వస్తుంది కదా, అది రాలేదు. ఎడమ చెవిలో కుక్కర్ ఆవిరి పోతున్నట్టు సన్నగా, ఆపకుండా, ఒకటే మోత. అప్పటిదాకా అది ఫ్యానుదో ఫ్రిజ్‌దో అనుకున్నాను. ఇంట్లో నడిచేవన్నీ ఆగాక తెలిసింది అది నాలోంచి వస్తోందని. లేచి కూర్చుంటే మంచం పడవలా ఊగింది. గోడ పట్టుకుని కిటికీ దాకా వెళ్ళాను. బయట వాన పడుతోంది. మా ఇంటికి రెండువైపులా సందులే, రెండువైపులా రేకులే, వాన పడితే ఇల్లంతా డప్పు కొట్టినట్టుంటుంది. ఆ రాత్రి వాన కుడివైపే పడింది. తల ఇటు తిప్పితే ఇటు పడింది, అటు తిప్పితే అటు పడింది. నేను ఎటు తిరిగితే అటు జరుగుతున్న వాన.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను, డాక్టరు గారు వద్దన్నా. తొలకరికి పెట్టుకునే పాట ఒకటుంది నాకు, ఇరవై ఏళ్ళుగా. అందులో మొదట వయొలిన్లు వస్తాయి, తర్వాత గొంతు. వయొలిన్లు రాలేదు. గొంతు వచ్చింది, సగం పల్చబడి. పాట పాడైపోయిందేమో, ఫైలు సరిగ్గా లేదేమో అని ఇంకోటి పెట్టాను, ఇంకోటి. పదకొండు పాటలు పెట్టాను, లెక్క గుర్తుంది. ఒక్కటీ పూర్తిగా లేదు. మా ఆయన నిద్రపోతున్నారు, ఆయన గురక కూడా కుడివైపునుంచే. లేపలేదు. లేపితే ఏమని చెప్పాలి, పాటలో వయొలిన్లు లేవనా? ఊరు మునిగేలా ఉంటే? చీకట్లో కూర్చుని, సత్యదేవా, కన్ను తీసుకున్నా బాగుండేదేమో అనుకున్నాను. ఆ మాట అన్నందుకు వెంటనే చెంపలు వేసుకున్నాను. తెల్లారేదాకా ఆ కుక్కర్ ఆగలేదు.

శనివారం మా అబ్బాయి కాకినాడ నుంచి ఫోన్ చేసి తిట్టాడు, ఎక్కడో చదివాడట, చెవి ఒక్కసారిగా పోతే అది ఎమర్జెన్సీ అని. ఆ రోజే ఈఎన్‌టీ స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్క్, ఒకటి మోకాలికి కొట్టి నా నుదుటి మీద పెట్టారు. "ఎటు వినబడుతోంది?" కుడివైపు. అంతే, ఆవిడ మొహం మారింది. చెవిలో అడ్డేదైనా ఉంటే ఆ మోత మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినబడుతుందట, నరం దెబ్బతింటే బాగున్న చెవిలోకి పోతుందట. గుబిలి అయ్యుంటే ఎడమవైపు వినబడాలి. అర నిమిషం పరీక్ష. మా వీధి చివర ఆ అర నిమిషం ఎవరూ ఖర్చుపెట్టలేదు.

తర్వాతవన్నీ మామూలే. గాజు గదిలో కూర్చోబెట్టి ఆడియోగ్రాం తీశారు, ఏ చెవికి ఎంత వినబడుతోందో చూపే లెక్క అది. కుడి చెవి బాగుంది, ఎడమది 75 డెసిబెల్స్ దగ్గర ఉంది, అంటే శబ్దం అంత గట్టిగా ఉంటే గానీ దానికి వినబడదు. షుగర్ చూశారు, ఎంఆర్‌ఐ తీశారు, కణితి ఏమీ లేదు. ఎందుకొచ్చిందంటే చాలామందిలో కారణం దొరకదన్నారు. స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావడం, మధ్యలో కర్ణభేరిలోంచి నాలుగు ఇంజెక్షన్లు. అవి వినడానికున్నంత భయంగా ఉండవు, కాసేపు తల తిరుగుతుంది, గొంతులో చేదు దిగుతుంది. మాత్రలకి మాత్రం మొహం ఉబ్బింది, అర్ధరాత్రి ఆకలి, నిద్ర లేదు, చిన్నదానికీ అరుపులు. ఆవిడ మంచి డాక్టరే, ఆవిడకు రుణపడి ఉన్నాను, కానీ మొదటి రోజు "నాలుగు రోజులు పాడు చేసుకున్నారు కదమ్మా" అన్నారు. పాడు చేసుకున్నది నేనా?

మా అబ్బాయి ఆ ఆదివారం వచ్చి నా ఫోన్‌లో ఒక సెట్టింగ్ మార్చాడు, మోనో ఆడియో అని. స్టీరియోలో కొన్ని వాయిద్యాలు ఒకవైపు, కొన్ని ఇంకోవైపు పెడతారట, నా వయొలిన్లు పోయింది అందుకేనట. అది పెట్టాక అన్నీ కుడి చెవిలోకే వచ్చాయి, పండగ రోజు ఒకే గదిలో చుట్టాలందరూ ఇరుక్కున్నట్టు. కానీ దానివల్ల ఇంకోటి తెలిసింది. మా నాన్న వినే యాభైల, అరవైల నాటి పాటలకి ఆ సెట్టింగ్ అక్కర్లేదు. అవి మోనోలోనే తీశారు. ఒక్క చెవికి కూడా పూర్తిగా వస్తాయి, ఏదీ పోదు. నాన్న పోయాక నేను ముట్టుకోని పాటలవి. ఆ శ్రావణమంతా వానాకాలం లేదు, మల్హార్ లేదు, ఆయన పాటలే. నాకు ఏది కావాలో ఏటా ఆకాశం చెప్పేది. ఆ ఏడు చెవి చెప్పింది.

ఆగస్టు రెండో వారంలో ఎడమవైపు శబ్దం రావడం మొదలైంది. సంతోషించాను, రెండు రోజులే. ఎందుకంటే వచ్చింది తప్పు శ్రుతిలో వచ్చింది. చిన్నప్పుడు గీతాల దాకా సంగీతం నేర్చుకున్నాను, అదే నా కొంప ముంచింది. ఫోన్‌లో తంబుర పెడితే కుడి చెవిలో షడ్జమం, అదే 'స', షడ్జమంలా ఉంది, ఎడమ చెవిలో అదే షడ్జమం అర మెట్టు పైకి జరిగి రిషభాన్ని తాకుతోంది. రెండూ కలిపి వింటే పళ్ళు జివ్వుమంటాయి. దీన్ని డిప్లాక్యూసిస్ అంటారని ఆడియాలజీ అమ్మాయి, అదే వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి, చెప్పింది. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. "మేడం, అపశ్రుతి వినబడుతోందంటే అసలంటూ వినబడుతోంది కదా. రోజూ పొద్దున్న ఒక్కటే స్వరం వినండి. పాటలొద్దు" అంది. ఆ నాలుగు నెలల్లో నాతో తొందరపడకుండా మాట్లాడింది ఆ అమ్మాయొక్కతే. ఆమె పేరు రాయాలనుంది, కానీ అడక్కుండా రాయకూడదు.

సరిగ్గా అప్పుడే వినాయక చవితి. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పందిరి. ఈ జబ్బులో ఇంకో చిత్రం ఉంది, మెల్లగా ఉన్నవి వినబడవు, గట్టిగా ఉన్నవి మామూలు కంటే గట్టిగా వచ్చి గుచ్చుతాయి. డీజే మొదలవగానే ఎడమ చెవిలో మేకు దిగినట్టుండేది. మా ఆయన వెళ్ళి కుర్రాళ్ళని బతిమాలారు, వాళ్ళు ఒక పూట తగ్గించి మళ్ళీ పెంచారు. ఆయన రెండోసారి వెళ్ళి గొడవపడ్డారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన వీధిలో గొంతెత్తడం నేను చూడలేదు. ఆ తొమ్మిది రోజులూ నన్ను అమ్మ దగ్గర దింపారు. అమ్మ అప్పటికే అన్నవరం మొక్కేసుకుంది, చెవి వస్తే వ్రతం చేయిస్తానని. వస్తే అంటే ఎంత రావాలి అని అడిగితే, "ఆయనకి తెలుసులే" అంది.

పొద్దున్నే తంబుర పెట్టుకోవడం మాత్రం మానలేదు. అర మెట్టు పావు మెట్టయింది. దసరాకి చెవి ఎటు లాగుతోందో కనిపెట్టాలంటే కళ్ళు మూసుకోవాల్సి వచ్చేది. కార్తీకంలో ఒకరోజు రెండు చెవుల్లోనూ ఒకటే వినబడింది, నాకే అనుమానం వచ్చి మూడుసార్లు చూసుకున్నాను. అక్టోబరులో తీసిన ఆడియోగ్రాంలో కింది స్వరాల దగ్గర 35కి వచ్చింది. పైవి, 4000 హెర్ట్జ్ దాటినవి, ఇంకా 60 దగ్గరే ఉన్నాయి. అవి రాకపోవచ్చన్నారు. అన్నవరం వెళ్ళాం. అంత వచ్చింది చాలనుకున్నట్టున్నాడు ఆయన, సరే.

ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట. పొద్దున్న లేచేసరికి ఒక చెవి మూసుకుపోతే, నోరు మూసుకుని మ్మ్ అని ఒకసారి రాగం తీయండి. అది బాగున్న చెవిలోకి పోతున్నట్టనిపిస్తే ఆ పూటే ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తండి, మూసుకున్న చెవిలో వినబడినా సరే వెళ్ళి చూపించుకోండి, చుక్కలు వేసుకుని కూర్చోకండి. మందు పని చేసేది మొదటి రోజుల్లోనే, రెండు వారాలు దాటితే ఆశ తగ్గిపోతుంది. అందరికీ పూర్తిగా రాదు, నాకే రాలేదు. వీధి చివర డాక్టరు గారికి నా రిపోర్టులన్నీ తీసుకెళ్ళి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "శ్రుతిదండం నా దగ్గరా ఉందమ్మా, తియ్యలేదు" అన్నారు. పోట్లాడదామని వెళ్ళినదాన్ని, ఏమీ అనలేకపోయాను. క్షమించానా అంటే లేదు. జ్వరమొస్తే ఇప్పటికీ ఆయన దగ్గరికే వెళ్తాను.

ఆ డిసెంబరులో ధనుర్మాసం పెట్టగానే గుడి మైకు మొదలైంది, తెల్లవారుజామున ఐదింటికి. అంతకుముందు ఏళ్ళలో ఆ మైకుని ఎన్ని తిట్టుకున్నానో. కుడి చెవిని దిండుకేసి నొక్కి పడుకున్నాను, ఎడమ చెవొక్కటే పైకి పెట్టి. పాశురం వచ్చింది. పల్చగా, దూరంగా, శ్రుతిలో. తాళాలు లేవు. వాటి గలగల ఆ చెవికి ఇక రాదు, దిండు మీంచి తల ఎత్తితే కుడివైపు వస్తుంది. అందుకని ఎత్తడం, పెట్టడం, ఎత్తడం, పెట్టడం. మా ఆయన లేచి, ఏం చేస్తున్నావని అడిగారు. తాళం వేస్తున్నానన్నాను.

పాటల లెక్క మళ్ళీ మొదలైంది, కాస్త మారింది. వానాకాలం మల్హార్ ఉంది, కానీ నాన్న పాటలు అందులోకి వచ్చేశాయి, పోవు. కీచురాళ్ళు ఒకవైపే అరుస్తాయి. ఆ కుక్కర్ మోత ఇంకా ఉంది, నిద్ర తక్కువైనరోజు పెరుగుతుంది. ఏటా తొలకరి పడ్డ రాత్రి మాత్రం నాకు భయమే. మర్నాడు లేస్తూనే ఫోన్‌లో తంబుర పెట్టి, ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి ఆనించుకుంటాను. మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడతారు. ఏమీ అడగరు. నేను ఫోన్ కిందపెట్టి చెయ్యి చాపేదాకా ఆగి, అప్పుడు గ్లాసు ఇస్తారు.