నమకంలో తొలి దండం కోపానికే

కార్తీక సోమవారం నెల్లూరు మూలాపేట శివాలయంలో రుద్రాభిషేకంలో చదివే నమకం మొదలయ్యేసరికి చెవిన పడే తొలి మాట "నమస్తే రుద్ర మన్యవ ఉతోత ఇషవే నమః". రుద్రా, నీ మన్యువుకు నమస్కారం, నీ బాణానికి నమస్కారం. విల్లుకు, చేతులకు దండం ఆ తర్వాతే. ఆ బాణం, ఆ విల్లు మంగళకరమై మమ్మల్ని సుఖపెట్టాలని వేడుకోవడం రెండో మంత్రంలో వస్తుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నా, అన్నిటికంటే ముందు మనం మొక్కేది స్వామి కోపానికని నాకు తట్టడానికి చాలా ఏళ్లే పట్టింది.

మన్యువంటే కోపమే. అయితే మనం రోజూ పడే కోపం కాదు. "మన్యుర్దైన్యే క్రతౌ క్రుధి" అంటుంది అమరకోశం. దైన్యం, యజ్ఞం, కోపం, మూడూ ఆ ఒక్క మాటకు అర్థాలే. నూరు యజ్ఞాలు చేసిన ఇంద్రుడు శతమన్యుడయ్యాడు. భయం లేనివాడు, మన్యువున్నవాడు కాబట్టి అభిమన్యుడని భారతం చెబుతుంది. ఋగ్వేదం పదో మండలంలో 83, 84 సూక్తాలు మన్యువునే దేవతగా పిలుస్తాయి. మన్యుసూక్తంతో ఆంజనేయుడికి అభిషేకం చేయించడం మనకు తెలిసిందే. కోర్టు కేసు గెలవాలని, పగవాడు పడిపోవాలని చేయించేవాళ్లుంటారు. నా మనసు దానికి ఒప్పదు. దైన్యాన్నీ యజ్ఞాన్నీ తీసేసి ఒక్క కోపాన్నే అడిగినట్టుంటుంది.

మా నాయన గట్టిగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఒక ఏడు కోతల తర్వాత కళ్లంలో వడ్లు తూకం వేస్తున్నారు. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. పక్క చేను కౌలుకు చేసుకునే ఒంటరి ఆడమనిషి వడ్ల దగ్గరికి వచ్చేసరికి, తేమ ఉందని చెప్పి వ్యాపారి పుట్టికి అదనంగా లాగుతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చుట్టూ ఉన్నోళ్లు "మనకెందుకు, గమ్మునుండు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాయన లేచి వెళ్లి కాటా గొలుసు పట్టుకున్నాడు. "ఆమె బస్తాలు మళ్లీ వెయ్యి" అన్నాడు. అంతే. గొంతు పెరగలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తూకం వేశారు. ఆ వ్యాపారి మా వడ్లు మాత్రం కొనకుండా లారీ ఎత్తేశాడు. పది రోజులు వాటికి కాపలా పడుకుని, చివరికి తక్కువ ధరకు తోలుకున్నాం. ఆ ధర గురించి నాయన మళ్లీ ఎత్తలేదు.

మన నెల్లూరి తిక్కన కౌరవసభలో కృష్ణుడి చేత ఒక మాట అనిపించాడు. ధర్మం, సత్యం కళ్లముందే చెడిపోతుంటే "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు". చెడగొట్టినవాడి సంగతి సరే, ఆపగలిగి ఊరుకున్నవాళ్లకే అది చేటు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు మా కళ్లంలో వినబడిన "గమ్మునుండు" గుర్తొస్తుంది.

ఉదయం సంధ్యావందనంలో మళ్లీ ఇదే మాట ఎదురవుతుంది. "సూర్యశ్చ మా మన్యుశ్చ మన్యుపతయశ్చ మన్యుకృతేభ్యః పాపేభ్యో రక్షంతామ్". సూర్యుడు, మన్యువు, మన్యుపతులు నన్ను మన్యువు చేయించిన పాపాల నుంచి కాపాడాలి. దేనివల్ల తప్పు చేశానో దాన్నే కాపాడమని అడగడం! రుద్రుడి దగ్గర మొక్కించుకున్న మన్యువే నా చేతిలో పాపమైపోగలదని ఋషికి తెలుసు.

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర పది రూపాయల కోసం ఆటో నడిపే అబ్బయ్య మీద అరిచాను. నా మాటే న్యాయం అనుకున్నాను కూడా. వాడు మారు మాట్లాడకుండా చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అరచేతిలో నీళ్లు పోసుకుని "మన్యుకృతేభ్యః" దాకా వచ్చేసరికి ఆ పిల్లవాడి ముఖం కళ్లముందు నిలబడింది. మంత్రం మళ్లీ మొదటి నుంచి చెప్పుకుని ఆ నీళ్లు తాగాను.