అడుగున నిలిచినా మూతపడని కొట్టు

పర్లాకిమిడి బజారులో మాది కిరాణా కొట్టు. ఎదుటి వరుసలో ఇంకొకరు కొట్టు తెరుస్తానంటే ఆపే హక్కు నాకు లేదు. జీతం చాలకపోతే మా గుమస్తా సరిహద్దు దాటి పాతపట్నంలో చేరిపోతాడు. అందుకే ఐపీఎల్‌ను ఎవరైనా స్వేచ్ఛా మార్కెట్ అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది.

2025 సీజన్‌కు ఒక్కో జట్టు ఆటగాళ్లను కూర్చుకునే వేలం పద్దు 120 కోట్లు దాటకూడదన్నారు. ముంబయి యజమానికైనా అంతే. రిషబ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు పాడుకున్నప్పుడు మా గుమస్తా తూకం ఆపేశాడు. కాటా మీద కందిపప్పు అలాగే ఉంది. "ఆయనకు లక్నో ఇష్టం లేకపోతేనో అండీ?" అన్నాడు. ఇష్టంతో పని లేదురా, పాట ఎవరిదైతే ఆటగాడు వాళ్లవాడే అన్నాను. ఆ జవాబు వాడికి నచ్చలేదు. నిజానికి నాకూ నచ్చలేదు.

మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచి, 2009లో కప్పు కొట్టింది. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లోని ప్రీమియర్ లీగ్‌లో ఆ వీలే లేదు. అక్కడ ఏటా చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు దిగిపోవలసిందే. 2016లో విజేతగా నిలిచిన లీసెస్టర్‌కు 2023లో ఆ గతే పట్టింది. ఛార్జర్స్‌ను 2012లో బోర్డు తీసేసినా, అది ఆటలో ఓడినందుకు కాదు, డబ్బు హామీల దగ్గర తేడా వచ్చి.

ఓడినా జట్టును నిలబెట్టే ఈ పద్ధతికి పాత కాపులు అమెరికావాళ్లు. పెట్టుబడిదారీకి పెట్టింది పేరైన ఆ దేశంలో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్, 1936లో మొదలైన పద్ధతి ప్రకారం, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే మొదటి అవకాశం చివరి స్థానంలో ఉన్న జట్టుకే ఇస్తోంది. జాతీయ టీవీ ప్రసారాల డబ్బును అన్ని జట్లూ సమంగా పంచుకుంటాయి. సమసమాజమే, కాకపోతే యజమానుల వరకే! 2021లో ఐరోపాలోని 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కూడా కింది డివిజన్ భయం లేని లీగ్ పెట్టుకోబోయాయి. ఇంగ్లండులో అభిమానులు వీధికెక్కారు. రోజుల్లోనే కథ ముగిసింది.

ఇక మా ఒడిశా. 2018 నుంచి భారత హాకీ జట్లకు మా సర్కారే స్పాన్సర్, వాళ్ల చొక్కా మీద మా రాష్ట్రం పేరుంది. రూర్కెలాలో 2023 ప్రపంచకప్‌కు కొత్త స్టేడియమే కట్టారు. సర్కారుకు ఇదేం పని అని బజారులో సణిగేవాళ్లు ఉన్నారు. జీఎస్టీ కట్టిన ప్రతిసారీ గొణిగే నేను ఈ పద్దు దగ్గర మాత్రం నోరెత్తను. ఎవరి డబ్బో చొక్కా మీదే రాసి ఉంది.