కనరీనా ఎమినీ: సహారాకు అవతల చుట్టమున్న తీగ

ఆఫ్రికా పర్వతారణ్యాల తీగమొక్కల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కనరీనా ఎమినీ. తూర్పు, మధ్య ఆఫ్రికాలోని రువెంజోరీ, విరుంగా, ఎల్గాన్ పర్వతాల మీద, సాధారణంగా 2,000 మీటర్లకు పైబడిన ఎత్తున, మబ్బులు కమ్ముకుని ఎప్పుడూ చెమ్మగా ఉండే అడవుల్లో ఇది పెరుగుతుంది. చాలా చోట్ల దీని వేళ్లు నేలను తాకనే తాకవు. ముసలి చెట్ల కొమ్మలు చీలే చోట నాచు, కుళ్లిన ఆకులు కలిసి పేరుకున్న మట్టిలో దుంప ఊనుకుని, అక్కడి నుంచి లేత కాడలను కిందికి జార్చడమో, పక్క కొమ్మల మీదికి పాకించడమో చేస్తుంది. అలాగని ఇది బదనిక కాదు; ఆశ్రయమిచ్చిన చెట్టు సారాన్ని పీల్చదు.

ఎదురెదురుగా పుట్టే ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. కాడ తుంచితే పాలు కారతాయి. పువ్వు తలకిందులుగా వేలాడే నారింజరంగు గంట, దాని మీద ఎర్రని ఈనెలు. గంటపూల కుటుంబంలో చాలా మొక్కల పూలకు ఐదేసి రేకులుంటే, దీనికి ఆరు. కాయ కూడా ఆ కుటుంబంలో మామూలుగా కనిపించే ఎండి పగిలే రకం కాదు, కండగల పండు.

జర్మనీలో పెరిగి, ఈక్వటోరియాకు (నేటి దక్షిణ సూడాన్ ప్రాంతంలోని అప్పటి ఈజిప్టు రాష్ట్రం) గవర్నరుగా పనిచేసి, 1892లో కాంగోలో హత్యకు గురైన ఎమిన్ పాషా పేరే దీనికి పెట్టారు. ఆయన పక్షులనూ మొక్కలనూ శ్రద్ధగా సేకరించినవాడు కాబట్టి ఆ గౌరవం తగినదే అనిపిస్తుంది.

అసలు విశేషం దీని బంధుత్వంలో ఉంది. కనరీనా అనే ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఉన్నవి మూడే జాతులు. తూర్పు ఆఫ్రికాలోనే ఉండే కనరీనా అబిసినికా దీనికి దగ్గరి చుట్టం కావాలి కదా? జన్యు పరిశోధనల ప్రకారం కాదు. దాదాపు 7,000 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ లోని కానరీ దీవుల్లో పెరిగే కనరీనా కానరియెన్సిస్ దగ్గరిది. మయోసీన్ యుగం చివరి నాటికి, అంటే సుమారు 50-70 లక్షల ఏళ్ల కిందట, ఉత్తర ఆఫ్రికా ఎండిపోతూ రావడంతో మధ్యలోని మొక్కలు నశించి, రెండు కొసల్లో తేమ మిగిలిన చోట్ల మాత్రమే ఇవి నిలిచాయని శాస్త్రజ్ఞుల వివరణ. విత్తనాలు గాలివాటుగా అంత దూరం చేరాయనే ఊహకన్నా నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఒకసారి ఎడారి వల్ల చెదిరిన ఈ వంశానికి ఇప్పుడున్న ముప్పు వేరు. పెద్ద చెట్లను నరికేసి, వాటి స్థానంలో ఎన్ని మొక్కలు నాటినా, కొమ్మల సందుల్లో ఆ నాచూ మట్టీ పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అంతవరకూ ఈ దుంపకు చెట్ల మీద చోటు దొరకదు.