పిన్నీసులు తీసేసి పొలంలోకి

ఇంగ్లండులో పురావస్తు సర్వేలో నేను చేసే పని కంటే, దాన్ని గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మకు వివరించడమే కష్టం. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆమెది ఒకటే ప్రశ్న: "తవ్వకుండానే నేలలో ఏముందో తెలుస్తుందంటున్నావు, మరి లంకెబిందెలు దొరికాయా?"

దొరకవు. అయస్కాంత క్షేత్రంలో తేడాలను కొలిచే మా మాగ్నెటోమీటరు బంగారాన్ని అసలు గుర్తించదు. అది పట్టేది ఇనుమును, కాలిన మట్టిని, ఎప్పుడో పూడిపోయిన కందకాలను. బట్టీలో కాలిన మట్టి చల్లారేటప్పుడు భూ అయస్కాంతత్వపు దిశను తనలో నిలుపుకుంటుంది. ఇంగ్లండులో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 49,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం); కందకం చూపే తేడా చాలాసార్లు నాలుగైదుకు మించదు. అందుకే మా ఒంటి మీద ఇనుము ఉండకూడదు. మంగళసూత్రం తీయనక్కరలేదని విన్నాక అమ్మ కుదుటపడింది. దానికి తగిలించుకునే పిన్నీసులు మాత్రం వ్యానులో వదిలి వెళ్ళాల్సిందే.

ఇక రోజంతా నడకే. వానలో, గొర్రెల మధ్య, గీత గీసినట్టు అటూ ఇటూ. ఎక్కువగా ఇళ్ళ కాలనీలు రాబోయే పొలాల్లోనే పని. 1990లో వచ్చిన ప్రణాళికా విధానం వల్ల ఈ పరిశీలన ఖర్చు ఆ ఇళ్ళు కట్టించేవారి మీదే పడింది. రక్షిత కట్టడాల దగ్గరైతే తవ్వకపోయినా, ఊరికే యంత్రం పట్టుకుని నడవడానికి కూడా 1979 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. ఇంత పట్టింపు ఉన్న దేశమే కదా, 1859లో మన అమరావతి శిల్పాలను ఓడలో తెప్పించుకున్నది! బ్రిటిష్ మ్యూజియంలో వాటి ముందు నిలబడితే నాకు గర్వం కంటే కోపమే ముందు వస్తుంది. అయితే ఆ శిల్పాలున్న అమరావతి స్తూపపు దిబ్బను, అంటే దీపాలదిన్నెను, మొదట తవ్వింది దొరలు కాదు, ఇటుకలకూ రాళ్ళకూ ఆశపడిన మనవాళ్ళే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది.

"ఆ మిషన్ ఇక్కడికి తేరాదా?" అంది పెద్దమ్మ.

తెచ్చినా మన నల్లరేగడి అంత తేలిగ్గా లొంగదు. తడి బంకమట్టి, మేం నేలలోకి పంపే రాడారు తరంగాలను మింగేస్తుంది. విద్యున్నిరోధం కొలుద్దామంటే, ఎండాకాలంలో నేల బీటలు వారి, గుచ్చిన చువ్వలకు కరెంటు సరిగా అందదు. వానలు తగ్గి, నేలలో కాస్త చెమ్మ మిగిలి ఉండే కార్తీకమైతే మేలని చెప్పాను.

"అయితే కార్తీకంలోనే రా, అమరేశ్వరుడి దర్శనం కూడా అయిపోతుంది" అంది.