బాపు చింపిన క్యాలెండర్ కాగితం

ఆదివారం రాత్రి, హనుమకొండ.

పిల్లలిద్దరూ పడుకున్నారు. కారులోంచి దించిన చాప ఇంకా వరండాలోనే ఉంది, దానికి అంటుకున్న గడ్డి దులపలేదు. గిన్నెలు సింకులో నానుతున్నాయి. అవన్నీ రేపు చూసుకోవచ్చు. ఇది మాత్రం నిద్ర పట్టకముందే రాసుకోవాలి.

ఈరోజు రామప్పకు పోయి వచ్చాం. కార్తీకమాసంలో ఒక ఆదివారం సద్ది కట్టుకుని రామప్పకు పోవడం నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు మొదలైంది. బాపు ఆర్టీసీలో కండక్టర్. అందరికీ పండుగంటే ఆయనకు డ్యూటీ. దసరాకు, సంక్రాంతికి జనం ఊళ్లకు పోతారు, బస్సులు ఆగకూడదు. ఇక రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే స్పెషల్ బస్సుల మీదే ఉండేవాడు, రోజుల తరబడి ఇంటికి రాకపోయేది. మా వాడకట్టులో పిల్లలందరూ వాళ్ల నాన్నలతో పటాకులు కాలుస్తుంటే నేనూ తమ్ముడూ గడపలో కూర్చుని చూసేవాళ్లం. అందుకని ఏ పండుగా లేని ఒక ఆదివారాన్ని బాపు మాకోసం ఎంచి పెట్టాడు. నెల ముందు నుంచే తోటి కండక్టర్లను బతిమాలి ఆ ఒక్కరోజు డ్యూటీ మార్చుకునేవాడు. ఆ సంగతి మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆ రోజు పొద్దున బాపు చేసే మొదటి పని గోడ మీది క్యాలెండర్ కాగితం చింపడం. రోజుకో కాగితం చింపే క్యాలెండర్ అది, ముందు వైపు పెద్ద అంకె, తిథి, నక్షత్రం ఉంటాయి, వెనక తెల్లగా ఉంటుంది. మడిచి జేబులో పెట్టుకునేవాడు. రాత్రి తిరిగొచ్చాక ఆ తెల్ల వైపు మీద తలా ఒక మాట రాయాలి. ఏం రాయాలో చెప్పేవాడు కాదు, రాసింది దిద్దేవాడు కాదు. ఆ కాగితాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. నా పెళ్లయ్యాక బాపు ఆ డబ్బా నా చేతికిచ్చాడు. ఇంత బంగారం పెట్టినప్పుడు కూడా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

అన్నిటికన్నా పాతది 1993 నవంబర్ 21. తమ్ముడు బస్సు బొమ్మ గీశాడు, నాలుగు చక్రాలూ ఒకే పక్కన ఉన్నాయి. నేను "కోతి నా జామకాయ ఎత్తుకపోయింది" అని రాశాను. నాయినమ్మ తమ్ముడితో రాయించింది, "ఎండ బాగ కొట్టింది" అని. అందరికంటే కింద బాపు మాట. ఆయన ఏ ఏడైనా లెక్క మాత్రమే రాస్తాడు. "ఐదుగురం పోయినం, ఐదుగురం వచ్చినం."

నాయినమ్మ పోయిన ఏడు అది నలుగురం అయింది. నా పెళ్లయిన ఏడు "ఐదుగురం. అల్లుడు కొత్త" అని ఉంది. 2020లో కరోనా భయానికి ఇల్లు కదలలేదు. అయినా పొద్దున్నే ఫోన్ చేసి, "కాగితం చింపిన బిడ్డా" అన్నాడు. ఆ ఏడు కాగితం మీద ఒక్క బాపు చేతిరాతే ఉంది. "యాడికీ పోలే. అందరం ఉన్నం." దాన్ని ఎప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది.

అమ్మకు రాయరాదు. కానీ ప్రతి కాగితం మీదా అమ్మ కూడా ఉంది. సద్ది విప్పిన చేత్తోనే ఆ కాగితాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట నూనె మరక ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పెడితే ఆ మరక ఉన్నచోట కాగితం అద్దంలా కనిపిస్తుంది.

ఈరోజు పొద్దున నాలుగున్నరకే అమ్మ లేచింది. అమ్మా బాపూ నిన్న సాయంత్రమే మా ఇంటికి వచ్చేశారు. సద్దిలో పులిహోర, పెరుగన్నం, మామిడికాయ తొక్కు ఎన్నున్నా సర్వపిండి లేకపోతే రామప్ప లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ ముక్కలు, కరివేపాకు, కారం వేసి గట్టిగా పిసికింది. నూనె రాసిన సర్వలో పిండి ముద్ద పెట్టి అడుగు నుంచి అంచుల దాకా వేళ్ల కొసలతో పల్చగా వత్తుతూ పోయింది. ఆ వత్తడం నాకింకా రాదు. నాది ఒక పక్క మందంగా, ఒక పక్క చిరుగుతూ వస్తుంది. ఇక బొక్కలు పెట్టడం మాత్రం పిల్లల పని. చిన్నది కళ్లు నులుముకుంటూ వచ్చి గట్టు మీదికెక్కి చూపుడు వేలుతో పెట్టింది. మరీ చిన్న బొక్కలు, అమ్మ చెంచాతో నూనె వేస్తే పక్కకు జారిపోయింది.

"ఇంకింత గట్టిగ పెట్టు బిడ్డా, నూనె దిగాలె, అప్పుడే కరకరలాడుతది" అంది అమ్మ.

అది నాలుక బయటపెట్టి మళ్లీ ఒక్కో బొక్కలో వేలు తిప్పింది. కాలిన సర్వ చల్లారితే గానీ రెండోది వత్తలేం, అందుకే రెండు సర్వలు మార్చి మార్చి పెడతాం. ఏడు సర్వపిండ్లయ్యేసరికి తెల్లారింది.

పెద్దోడికి మాత్రం రావడం ఇష్టం లేదు. పదమూడేళ్లు వచ్చాయి వాడికి. "ప్రతిసారీ అదే గుడి, అదే చెరువు. లక్నవరం పోదాం. ఉయ్యాల వంతెన ఉంటది, పడవలుంటయి" అని వారం నుంచి గొడవ. మా ఆయన కూడా వాడి వైపే కాస్త మొగ్గారు. నేను గట్టిగా ఏమీ అనలేదు. వేసవి సెలవుల్లో లక్నవరం పోదామని మాటిచ్చాను, ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. కానీ కార్తీక ఆదివారం మాత్రం రామప్పదే. వాడు మొహం మాడ్చుకుని వెనక సీట్లో చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నాడు.

అందరూ ఎక్కాక మా ఆయన తాళం తిప్పి ఊరికే కూర్చున్నారు. మా కారు బాపు చెప్పందే కదలదు. బాపు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ వేలుతో లెక్కపెట్టి, డోరు మీద రెండుసార్లు తట్టి, "రైట్" అన్నాడు.

ఆత్మకూరు దాటాక రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలల్లో ఆడవాళ్లు నడుముకు కొంగు కట్టుకుని ఏరుతున్నారు. ములుగు దగ్గర గట్టమ్మ గుడికాడ ఆగి కొబ్బరికాయ కొట్టాం. మేడారం పోయేవాళ్లు ముందు గట్టమ్మకు మొక్కిగానీ పోరు. ఇన్నేళ్లు ఆ రూట్‌లో తిరిగిన బాపు ఎటు పోతున్నా అక్కడ ఆగమంటాడు. జంగాలపల్లి దగ్గర తిరిగి పాలంపేట చేరేసరికి తొమ్మిదిన్నర.

బాపు మోకాళ్లు ఈ ఏడు బాగా ఇబ్బంది పెడుతున్నాయి. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంటుంది. ఆ మెట్లు చూసి, "మీరు పోయి రాండ్రి, నేను ఈడ కూసుంట" అని చెట్టు కింద ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా మా ముందు నడిచి, ఇది 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిందని, పునాది కింద ఇసుక పోశారని, పైన గోపురానికి నీళ్ల మీద తేలే ఇటుకలు వాడారని బస్సులో ఊళ్ల పేర్లు చెప్పినట్టు వరసగా చెప్పే మనిషి. కట్టించిన దొర పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరు మీద గుడిని పిలుస్తారని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త పెరిగేది. ఈసారి ఆ మాటలు నేను చెప్పాను. సగమే చెప్పగలిగాను.

అక్కడ మాకు ఇంకో అలవాటుంది. గుడి గోడ చుట్టూ వరుసగా ఏనుగులు చెక్కి ఉంటాయి. చిన్నప్పుడు బాపు మా ఇద్దరినీ తలా ఒక ఏనుగును ఎంచుకోమన్నాడు. ఇక అది మనదే. ప్రతి ఏడూ వెళ్లి వెతికి పట్టుకుని, వచ్చానని చెప్పి రావాలి. నా ఏనుగుకు తొండం కొస విరిగి ఉంటుంది. పాపమనిపించి దాన్నే తీసుకున్నాను. తమ్ముడిది దానికి మూడు ఏనుగుల అవతల. మా ఆయన పెళ్లయిన కొత్తలో సిగ్గుపడుతూనే ఒకదాన్ని ఎంచుకున్నారు. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు, ఒక్కోసారి ఏనుగు దగ్గరికి పోవడానికి కూడా ఆగాల్సి వస్తుంది. ఆ ఏడు తమ్ముడు కాగితం మీద "మన ఏనుగులు ఇప్పుడు ప్రపంచానివి" అని రాశాడు.

చిన్నదానికి ఇన్నాళ్లూ ఏనుగు లేదు. ఎనిమిదేళ్లొచ్చాయి కాబట్టి ఈసారి ఎంచుకోమన్నాం. అది తొందరపడలేదు. గోడ వెంట ఒక్కోదాన్నీ చూస్తూ నడిచింది. ఒకదాని ముందు ఆగి, వంగి, దాని కంటి దాకా మొహం తీసుకెళ్లి, మళ్లీ కదిలింది. అట్లా ఒక చుట్టు పూర్తయింది. ఎర్రరాయి పొద్దుటి ఎండకు వెచ్చబడుతోంది. రెండో చుట్టులో నా ఏనుగు పక్కనే ఉన్నదాన్ని చూపించి, "ఇది" అంది.

"ఎందుకమ్మా ఇదే?"

"నీ ఏనుగుకు తొండం లేదు కదా. ఇది పక్కన ఉంటే దానికి గడ్డి పెడ్తది."

నాకు మాట రాలేదు. అమ్మ దాని తల నిమిరింది.

అప్పుడు చూస్తే పెద్దోడు మాతో లేడు. టెన్షన్‌తో ఇటు తిరిగి చూశాను. గుడి అవతలి పక్కన ఒక్కడే గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చెవుల్లో వైర్లు లేవు, మెడ మీద వేలాడుతున్నాయి. వాడి ఏనుగు దగ్గర ఉన్నాడు. ఎవరూ చూపించకుండా, ఎవరూ పిలవకుండా వాడే వెళ్లి వెతుక్కున్నాడు. ఐదేళ్ల కింద ఎంచుకున్నప్పుడు అది వాడి మొహానికి ఎదురుగా ఉండేది. ఇప్పుడు వాడు తల దించి చూస్తున్నాడు. నేను దగ్గరికి పోలేదు. అది వాడి సమయం.

కిందికి దిగగానే చిన్నది పరుగెత్తి, "తాతా, మీ ఏనుగు మంచిగనే ఉంది. మీరు కింద కూసున్నరని చెప్పిన" అంది. బాపు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చెరువు కట్ట దగ్గర చాప వేసుకున్నాం. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద తినాలంటారు. మాకు నీడ దొరికింది వేరే చెట్టు కింద. అమ్మ నిన్న మార్కెట్లో కొన్న ఉసిరి కొమ్మను సంచీలోంచి తీసి చాప అంచున పెట్టింది. సర్వపిండి ముక్కలు విరిచి పంచింది. చల్లారినా అంచులు కరకరలాడాయి. ఎదురుగా కాకతీయుల కాలం నాటి చెరువు నిండుగా ఉంది. గాలికి నీళ్లు గట్టుకు తగిలే చప్పుడు తప్ప కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

పెద్దోడు ఫొటోలు తీస్తుంటే నాకు పాత బాధ గుర్తొచ్చింది. రెండేళ్ల కింద నా ఫోన్ పాడైతే బాగుచేయడానికి ఇచ్చాను. దుకాణం వాళ్లు ఒక్క మాట అడగకుండా అంతా తుడిచేశారు. నాలుగేళ్ల ఫొటోలు, చిన్నదాని మొదటి రామప్పతో సహా పోయాయి. వారం రోజులు అన్నం సయించలేదు. అప్పుడు బిస్కెట్ల డబ్బా తీసి ఆ ఏడు కాగితం చూశాను. "చెల్లె నా చెప్పు చెరువులేసింది" అని పెద్దోడి వంకర అక్షరాలు. చదవగానే ఆ చెప్పు రంగు, దానికోసం మా ఆయన మోకాలు లోతు నీళ్లలో దిగడం, అది చేతులు చరిచి నవ్వడం అన్నీ కళ్లముందుకొచ్చాయి. ఫొటోలు పోయినందుకు ఇప్పటికీ బాధే. కానీ ఆ రోజు పోలేదని అప్పుడు తెలిసింది.

చీకటి పడ్డాక ఇల్లు చేరాం. బాపు జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. మా ఆయన రోడ్డు మీద వడ్ల గురించి రాశారు. నేను తొండం గురించి రాశాను. పెద్దోడు రాసి మడిచి ఇచ్చాడు, చూస్తే "నాది ఇంకా ఉంది" అని మూడే మాటలు. చిన్నది పెన్ను పట్టుకుని అమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మమ్మా, నువ్వు చెప్పు, నేను రాస్త."

"నాకెందుకు బిడ్డా?"

"అందరు రాస్తున్నరు కదా."

ఇన్నేళ్లలో మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. నూనె మరకతో సరిపెట్టుకున్నాం. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఆయిన మెట్లెక్కలే. నాకు మనసున పట్టలే. అని రాయి" అంది. చిన్నది అక్షరం పొల్లుపోకుండా రాసింది. బాపు అది చదివి, అమ్మ వైపు చూసి, ఏమీ అనకుండా పెన్ను తీసుకున్నాడు. చెయ్యి కొద్దిగా వణికింది. "ఆరుగురం పోయినం, ఆరుగురం వచ్చినం."

ఇంతలో హైదరాబాద్ నుంచి తమ్ముడి ఫోన్. వాడికి ఈసారి సెలవు దొరకలేదు. పోయిన ఏడు కూడా రాలేదు. బాపుతో మాట్లాడుతూ, "నేను రాలే కదా బాపు, నా మాటేముంటది" అన్నాడు.

"రానోడు గూడ రాయాలె. ఎందుకు రాలేదో రాయాలె" అన్నాడు బాపు. "సంక్రాంతికి వచ్చినప్పుడు రాద్దువు. జాగ ఇడిసిపెడుతున్న."

నిజంగానే తన లెక్క పక్కన వేలెడంత జాగ వదిలాడు. అందుకే ఆ కాగితాన్ని డబ్బా అడుగున పెట్టలేదు, మడవలేదు. అన్నిటికన్నా పైన పెట్టి, పెన్ను కూడా దాని మీదే ఉంచి మూత పెట్టాను.