లిఫ్టు పక్కనున్న గాజు పెట్టె

పన్నెండో అంతస్తులో కాపురముంటున్న నేను, కింద లిఫ్టు పక్కనున్న చిన్న గాజు పెట్టె ఎందుకో ఇన్నేళ్లూ అడగలేదు. అది ఫైర్‌మన్ స్విచ్. దాన్ని వేస్తే లిఫ్టు మధ్య అంతస్తుల్లో ఎవరు పిలిచినా ఆగకుండా నేరుగా కిందికి వచ్చి, అగ్నిమాపక సిబ్బంది అధీనంలోకి వెళ్తుంది. 2016 నాటి జాతీయ భవన నియమావళి ప్రకారం ఫైర్ లిఫ్టు, అంటే మంటలప్పుడు అగ్నిమాపక సిబ్బంది వాడే లిఫ్టు, కనీసం ఎనిమిది మందిని మోయగలగాలి, ఒక్క నిమిషంలో పై అంతస్తుకు చేరాలి.

లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంటలు చెలరేగినప్పుడు అగ్నిమాపక సిబ్బంది లిఫ్టును తమ అధీనంలోకి తెచ్చుకోలేకపోయారు. పరికరాలు మోసుకుంటూ పొగ నిండిన ఒకే ఒక్క మెట్లదారిలో ఎక్కవలసి వచ్చింది. ఆ ప్రమాదంలో 72 మంది మరణించారు. ఇలాంటి లిఫ్టులను క్రమం తప్పక తనిఖీ చేసి, ఫలితాలను నెలనెలా అగ్నిమాపక శాఖకు తెలపాలని విచారణ సంఘం సిఫారసు చేసింది.

మంటలంటుకున్నప్పుడు నివాసులమైన మనం మాత్రం మెట్లే వాడాలి, ఎందుకంటే లిఫ్టు బావి పొగగొట్టంలా పనిచేస్తుంది, కరెంటు పోతే మధ్యలోనే చిక్కుకుంటాం. మా సంఘం సమావేశంలో నేనడిగింది ఒక్కటే: వచ్చే సర్వీసింగ్‌నాడు ఆ స్విచ్ వేసి, లిఫ్టు దిగివస్తుందో లేదో అందరి ఎదుటా చూపించాలని.