గొంతు పోయింది, నిద్ర రావట్లేదు

గిటార్ పట్టుకుని అమెరికన్ సింగర్ టేలర్ స్విఫ్ట్ ఒక్కతే స్టేజి మీద నిలబడింది. లండన్‌లోని వెంబ్లీ స్టేడియం అంతా టెన్షన్. సర్‌ప్రైజ్ పాటలు రోజుకో రకం కదా, ఇవాళ ఏది పాడుతుందో ఎవరికీ తెలియదు.

గిటార్ మోగగానే పక్కనున్న అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి! తన చేతికున్న నీలం పూసల బ్రేస్‌లెట్ తీసి నాకు తొడిగింది. అక్షరాల పూసల్లో ఒకటి తిరగబడి ఉంది. ఇద్దరం ఏడుస్తూనే పాడాం.

2023 మార్చిలో టేలర్ ఎరాస్ టూర్ మొదలైనప్పటి నుంచీ ఫోన్‌లో చూస్తూనే ఉన్నా. కానీ మూడు గంటలకు పైగా ఆమె అలా పాడుతుంటే, డ్రమ్స్ మోత పక్కటెముకల్లో తెలుస్తుంటే... అబ్బా, అది వీడియోకి ఎక్కేది కాదు. సగంలోనే ఫోన్ లోపల పెట్టేశా.

మీలో ఆమె పాటలతో పెరిగినవాళ్లు మెలకువగా ఉంటే మెసేజ్ పెట్టండి. అన్నీ చెప్పాలనుంది.